పాకం పట్టిన జీడిపప్పు జిగటగా మారుతోందా? నిమ్మరసం మానేయండి

పాకం పట్టిన జీడిపప్పు మర్నాటికే ముద్దకట్టి వేళ్లకు అంటుకుంటోందని, పంచదార గడ్డకట్టకూడదని నిమ్మరసం కూడా పిండానని ఒకరు నాకు రాశారు. తప్పు ఆ నిమ్మరసంలోనే ఉంది. గులాబ్‌జామూన్ పాకం పేరుకోకూడదు కాబట్టి అక్కడ నిమ్మచుక్క మంచిదే. కానీ పులుపు తగిలిన పాకం గాలిలోని చెమ్మను ఇంకా ఎక్కువగా పీలుస్తుంది. జీడిపప్పు మీద పంచదార ఒకసారి గడ్డకట్టాలి, ఆ తర్వాత మళ్లీ కరగాలి.

పెళ్లయిన కొత్తలో విజయవాడ సత్యనారాయణపురంలో నేనూ ఇక్కడే తప్పటడుగు వేయబోయాను. దసరాకు కొండమీద అమ్మవారి దర్శనానికి వచ్చే బంధువులందరూ మా ఇంట్లోనే దిగుతారు. వాళ్లకు పెట్టాలని పావుకిలో జీడిపప్పు దోరగా వేయించి, 125 గ్రాముల పంచదారలో 3 పెద్ద చెంచాల నీళ్లు పోసి, తీగపాకం రాగానే పప్పు వేసి కలిపాను. నిగనిగలాడే పాకం కాస్తా చూస్తుండగానే తెల్లబడి ఇసుకలా రాలింది. ఒక్కో పప్పు రాళ్లుప్పులో పొర్లించినట్లు గరుకుగా తేలింది. పాడైందని పొయ్యి ఆపి, మూకుడు పట్టుకుని పెరట్లోకి నడిచాను.

"పారబోయకమ్మా, ఇంకా సగం పనే అయింది" అంటూ మా అత్తగారు మూకుడు అందుకుని మళ్లీ సన్నసెగ మీద పెట్టారు. అట్లకాడ ఆపలేదు. అడుగున ఇసుక ముందు చెమ్మగిల్లింది, తేనెరంగుకు తిరిగింది, ఆపైన డికాషన్ రంగుకు వచ్చింది. పొగ రాకముందే చెంచాడు నెయ్యి వేసి, నెయ్యి రాసిన పళ్లెంలోకి దించి, రెండు ఫోర్కులతో పప్పులను దేనికది విడదీశారు. చల్లారాక పళ్లెం ఊపితే గవ్వల్లా గలగలలాడాయి.

తీగపాకంలో ఇంకా నీళ్లుంటాయి, జిగట వాటివల్లే. పంచదార ఎర్రబడాలంటే వేడి సుమారు 160 డిగ్రీలకు చేరాలి, అప్పటికి నీళ్లన్నీ ఇగిరిపోతాయి. ఈ తెల్లబడే ఘట్టాన్నే వీడియోల్లో కత్తిరించేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు బెదిరిపోయేది సరిగ్గా అక్కడే కదా, అది చూపించకపోవడం అన్యాయం.

పప్పు కూడా చూసి కొనండి. పైన విరగని గుళ్లు పేర్చి అడుగున బద్దలు నింపిన డబ్బా ఒకటి పండుగ ముందు నాకు అంటగట్టారు. బద్దల చదును ముఖాలు ఒకదానికొకటి అతుక్కుంటే విడదీయడం ఎవరి తరమూ కాదు. అప్పటినుంచి చీరాల దగ్గరి వేటపాలెం వెళ్లేవాళ్ల చేత గుళ్లే తెప్పించుకుంటున్నాను.

పూర్తిగా చల్లారగానే గాలి చొరని సీసాలో పెట్టండి. వానాకాలంలో పళ్లెంలో గంటసేపు వదిలేసినా మెత్తబడతాయి. దించేముందు చిటికెడు ఉప్పు, అర చెంచా గుంటూరు కారం చల్లి చూడండి. మా పిల్లలు సీసా మూత పెట్టనివ్వరు.