వేటకు వెళ్లే కుక్కే ఇంట్లోనూ ఇమడాలంటే

ప్రశ్న: నా వయసు 41. చిన్నప్పటి నుంచి పక్షుల వేట అలవాటు. లైసెన్సు ఉంది, అనుమతి ఉన్న కాలంలో ఏడాదికి 15, 20 రోజులు మాత్రమే వెళ్తాను. పదకొండేళ్లు నాతో ఉన్న పాయింటర్ జాతి వేటకుక్క నిరుడు చనిపోయింది. ఇప్పుడు అప్పటికన్నా చిన్న ఇంట్లో ఉంటున్నాం. పాపకు 9 ఏళ్లు, బాబుకు 4. పాప ఒక కుందేలును పెంచుకుంటోంది. మళ్లీ వేటకుక్కను తెద్దామంటే నా భార్య, ‘తెస్తే చిన్నదాన్ని, పిల్లలతో కలిసిపోయేదాన్ని తేవాలి, లేదంటే వద్దు’ అంటోంది. ఇంట్లో ముద్దుగా పెరిగిన కుక్క వేటకు పనికిరాదని నా మిత్రుడు అంటాడు. దీని మీద నెల రోజులుగా మేమిద్దరం ముభావంగా ఉంటున్నాం. ముసలి కుక్క చివరి రెండు నెలలు లేవలేకపోతే రాత్రుళ్లు లేచి చూసుకున్నది ఆమే. అలాంటి మనిషి ఇప్పుడింత పట్టుదలగా ఎందుకుందో అర్థం కావడం లేదు. వేటకూ ఇంటికీ పనికొచ్చే చిన్న జాతి ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. అయితే దాని పేరు చెప్పే ముందు, మీ ఉత్తరం చివర మీరు రాసిన రెండు వాక్యాల దగ్గర కాసేపు ఆగాలనిపించింది. మీ భార్యకు కుక్కల మీద ప్రేమ లేకపోతే అర్ధరాత్రి లేచి ఆ ముసలి ప్రాణికి సేవ చేసి ఉండేవారు కాదు. పాయింటర్ అంటే ఇరవై, ముప్ఫై కిలోల బరువు. కాళ్లు పడిపోయిన అంత బరువును ఒక్క మనిషి పక్కకు తిప్పడం, బయటికి తీసుకెళ్లడం, పరుపు మార్చడం ఎంత కష్టమో ఆ ఇంట్లో ఆమెకే బాగా తెలుసు. అందుచేత ‘చిన్న కుక్క’ అని ఆమె అన్నప్పుడు, మీరు ఇంట్లో లేని రోజున తానొక్కతే ఎత్తుకోగలిగిన కుక్క అని ఆమె అర్థం కావచ్చునని నాకు తోస్తున్నది. ఇది నా ఊహే కనుక మీరే ఆమెను అడగండి; ఆ రెండు నెలల గురించి ఇంతవరకు ఆమెకు ఒక మంచిమాట చెప్పి ఉండకపోతే, జాతుల చర్చ కన్నా ముందు ఆ మాట చెప్పండి.

ఇంకొక లెక్క కూడా మీరిద్దరూ కలిసి చూడాలి. మీరు ఏడాదికి ఇరవై రోజులు వేటకు వెళ్లినా, మిగిలిన 345 రోజులు ఆ కుక్క మీ వంటింటి గుమ్మంలో, పిల్లల మంచాల కింద బతుకుతుంది. ఈ చిన్న జాతులు చాలావరకు 12 నుంచి 14 ఏళ్లు జీవిస్తాయి కాబట్టి, ఈ రోజు తెచ్చిన పిల్ల మీ బాబుకు మీసాలు వచ్చేదాకా ఇంట్లో ఉంటుంది. కనుక ముందు ఇంటికి నప్పేవాటిని ఏరి, వాటిలోంచి మీ వేటకు సరిపోయేదాన్ని ఎంచుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

చిన్న వేటకుక్క అనగానే అందరికీ బీగిల్ గుర్తుకొస్తుంది. భుజం దగ్గర 13 నుంచి 15 అంగుళాల ఎత్తు, పది కిలోలు అటూ ఇటూ బరువు, పిల్లలతో మంచి ఓర్పు ఉన్న కుక్క అది. కానీ అది గుంపుతో కలిసి కుందేలు జాడను వాసన పట్టి తరమడానికి పుట్టిన జాగిలం. పక్షుల వేటకు దాన్ని తేవడం సబబు కాదు. పైగా ముక్కు నేలకు తగిలిందంటే మీ పిలుపు దాని చెవికెక్కదు, గొంతెత్తి అరిస్తే ఇరుగుపొరుగు నిద్ర లేస్తారు. డాషౌండ్ నేల బొరియల్లోకి దూరే జంతువుల కోసం పెంచినది. దాని పొడవాటి వెన్ను సులువుగా దెబ్బతింటుంది కనుక, నాలుగేళ్ల పిల్లవాడు చంకలు పట్టి ఎత్తే ఇంట్లో అది ఉండకపోవడమే మంచిది. జాక్ రస్సెల్ టెర్రియర్ ధైర్యానికి వంక పెట్టలేం గాని, కుందేలు ఉన్న ఇంటికి దాన్ని నేను సూచించను.

మీ పాయింటర్ లాగే పక్షిని పసిగట్టి కదలకుండా నిలబడే కుక్క కావాలని మీ మనసు లాగుతుందని నాకు తెలుసు. అలా నిలబడే జాతుల్లో చిన్నది బ్రిటనీ; 14 నుంచి 18 కిలోల బరువు ఉంటుంది, మనసు మెత్తన, గట్టిగా కసిరితే ముడుచుకుపోతుంది. అయితే దానికి విశాలమైన చోట రోజూ మనసుతీరా పరుగెత్తడం అవసరం. వేట లేని రోజుల్లో కూడా తెల్లవారుజామున లేచి, వానయినా చలయినా దాన్ని గంటకు పైగా పరుగెత్తించగలనని మీరు నిజాయితీగా అనుకుంటేనే దాని గురించి ఆలోచించండి. ఆ పని చివరికి మీ భార్య మీద పడేటట్టయితే వద్దు.

మీ ఇంటికి నేను చెప్పేది ఇంగ్లిష్ కాకర్ స్పానియల్. 38 నుంచి 41 సెంటీమీటర్ల ఎత్తు, 13 నుంచి 15 కిలోల బరువు ఉంటుంది. అవసరమైతే ఒక మనిషి చేతుల్లో ఇమిడిపోతుంది. వుడ్‌కాక్ అనే పక్షిని పొదల్లోంచి లేపే పని వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. అది పక్షి ముందు నిలబడదు. తుపాకీ అందే దూరంలోనే పొదలు గాలిస్తూ పక్షిని లేపుతుంది, పడినదాన్ని నోట పట్టుకొని తెచ్చి చేతికిస్తుంది. అంటే దూరాన నిలబడిన కుక్క దగ్గరికి నింపాదిగా నడిచి వెళ్లే అలవాటును మీరు మానుకొని, ఎప్పుడు పక్షి లేస్తుందోనని కుక్క మీదే చూపు నిలిపి నడవాల్సి వస్తుంది. మీ భార్య ఇన్నేళ్లు మీ వేట కోసం సర్దుకున్నారు. ఈ ఒక్క విషయంలో మీరు సర్దుకోవడం పెద్ద త్యాగమేమీ కాదు.

ఈ జాతిలో ప్రదర్శనల కోసం పెంచే వంశాలు వేరు, పని కోసం పెంచే వంశాలు వేరు. మొదటివి వెంట్రుకలు దట్టంగా, చెవులు నేల జీరాడేలా ఉంటాయి. రెండోవాటిలో వేట చురుకు ఎక్కువ, రోజుకు గంట, గంటన్నర పని లేకపోతే ఇల్లు పీకి పందిరేసేంత చురుకు. కాబట్టి పని చేసే వంశంలోనే, వేట ముగిశాక ఇంటికొచ్చి ఒక మూల ప్రశాంతంగా పడుకునే తల్లికి పుట్టిన పిల్లను వెతకండి. కొన్ని కాకర్లకు దొరికిన వస్తువును కాపలా కాస్తూ గుర్రుమనే గుణం ఉంటుంది గనుక, తల్లి నోట్లో వస్తువు ఉన్నప్పుడు దగ్గరికి వెళ్తే ఎలా ఉంటుందో చూపమని అడగండి. వంశపారంపర్యంగా వచ్చే కంటి జబ్బుకు, మూత్రపిండాల జబ్బుకు తల్లిదండ్రులకు చేయించిన పరీక్షల కాగితాలు చూడకుండా బయానా ఇవ్వకండి. పొదల్లో తిరిగి వచ్చిన ప్రతిసారీ చెవులు ఆరబెట్టి, వేళ్ల సందుల్లో గుచ్చుకున్న గడ్డి గింజలు ఏరడం మాత్రం మీ వంతు అని ఇప్పుడే ఒప్పుకోండి.

మీ మిత్రుడి మాటకు వస్తాను. వాసన పట్టే శక్తి పుట్టుకతో వచ్చేది. ఇంట్లో పడుకున్నంత మాత్రాన అది పోదు. ఇంట్లో కుక్కలు చెడేది మరో విధంగా. పది వారాల పిల్ల మీ చెప్పును నోట కరుచుకొని, తోక ఊపుకుంటూ మీ దగ్గరికి వస్తుంది. మీరు ‘అయ్యో’ అని అరిచి చెప్పు లాక్కుంటే, రెండోసారి తెచ్చినప్పుడు దూరంగా ఆగుతుంది, మూడోసారి సోఫా కిందకి పారిపోతుంది. పడిన పక్షిని చేతికివ్వకుండా చుట్టూ తిరిగే కుక్కలు ఎన్నో ఇలాగే తయారవుతాయి. చెప్పు తెచ్చినప్పుడు మోకాళ్ల మీద కూర్చొని, మెడ నిమిరి, నెమ్మదిగా నోటి నుంచి తీసుకోవడం మీ పాపకు నేర్పితే, తనకు తెలియకుండానే ఆమె మీ వేటకుక్కకు మొదటి గురువవుతుంది. ‘రా’, ‘కూర్చో’ అనే మాటలు కూడా ఇంటిల్లిపాదీ ఒకేలా అనాలి.

తుపాకీ చప్పుడు విషయంలో మాత్రం తొందరపడకండి. బెదురుతుందో లేదో చూద్దామని కాల్పులు జరిగే చోటికి పిల్లను తీసుకెళ్లి జీవితాంతం బెదురు తెచ్చిపెట్టినవాళ్లున్నారు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా లోకాన్ని భయం లేకుండా పరిచయం చేసుకునే కాలం. ఎనిమిదో వారంలో ఇంటికి వస్తుంది కాబట్టి మీ చేతిలో ఉండేది కొద్ది వారాలే. ఆ రోజుల్లో మనుషులను, మెట్లను, తడి గడ్డిని, అది తింటున్నప్పుడు పక్క గదిలోంచి వచ్చే గిన్నెల చప్పుడును పరిచయం చేస్తే చాలు. తుపాకీ మోత ఇంకా కొన్ని నెలల తర్వాత, అది సంతోషంగా పనిలో మునిగి ఉన్నప్పుడు, చాలా దూరం నుంచి మొదలుపెట్టాలి.

కుందేలు సంగతి పాపతో ముందే చెప్పాలి. పొదల్లోంచి కుందేలును లేపడం కూడా ఈ జాతి చేసిన పనే కనుక, రెండూ స్నేహితులవుతాయని ఆమెకు ఆశ పెట్టకండి. కుందేలు గదికి గడియ పడే తలుపు ఉండాలి, దాన్ని బయటికి వదిలే వేళ కుక్క ఇంకో గదిలో ఉండాలి. ఇది పన్నెండేళ్లూ పాటించాల్సిన నియమం. బాబుకు కూడా రెండు మాటలు నేర్పండి: కుక్క తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు. పెద్దవాళ్లు లేకుండా బాబునూ కుక్కనూ ఒక గదిలో వదలకండి. ఎప్పుడైనా గుర్రుమంటే కుక్కను కొట్టవద్దు, బాబును పక్కకు తీసుకురండి. గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరిక, దాన్ని కొట్టి మాన్పిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

కుక్కపిల్లను చూడటానికి మొదటిసారి మీరూ మీ భార్యా మాత్రమే వెళ్లండి. పాపా బాబూ వెంట ఉంటే ముందు వాళ్ల ఒళ్లోకి ఏది ఎక్కితే ఆ కుక్కపిల్లే ఇంటికొస్తుంది, మీ ప్రశ్నలన్నీ మిగిలిపోతాయి. అక్కడ తల్లికుక్కను ఒక్కసారి ఎత్తుకొని చూడమని మీ భార్యను అడగండి. ఇది నా వల్ల కాదని ఆమె అంటే, ఆ రోజు వట్టి చేతులతో తిరిగి రండి.