కంపెనీలు ఊరి బయటికి వెళ్తే విశాఖ తేలికపడుతుందా? ప్లానింగ్ చదవాలనుకుంటున్న అమ్మాయి గురించి

ప్రశ్న: మాది అనకాపల్లి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. అనకాపల్లి, అచ్యుతాపురం, భోగాపురం, విజయనగరం కలిసి పెరిగితే విశాఖలో ట్రాఫిక్, అద్దెలు, కాలుష్యం తగ్గిపోతాయని వ్యాసం రాసి కాలేజీలో బహుమతి తెచ్చుకుంది. అప్పటి నుంచి సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వద్దు, ఊళ్ల ప్లానింగ్ నేర్పే బి.ప్లాన్‌ డిగ్రీలో చేరతానని పట్టుబట్టింది. బంధువులేమో అదేం కోర్సు అంటున్నారు. తను రాసింది నిజమేనా? ఆ చదువుతో ఉద్యోగం దొరుకుతుందా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, చుట్టుపక్కల ఊళ్లు పెరిగితే పెద్ద నగరం మీద కొంత బరువు తగ్గే మాట నిజమే. కానీ ఎవరూ పట్టించుకోకపోతే ఆ బరువు పక్క ఊరి నెత్తికెక్కుతుంది. ఏది నిజంగా తగ్గుతుందో, ఏది ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుందో ముందే లెక్కగట్టడం ప్లానర్ పని. మీ అమ్మాయి వ్యాసం ఆగిన చోటే ఆ చదువు మొదలవుతుంది.

మీకు తెలిసిన దారి గురించే చెబుతాను. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) రెండూ విశాఖ నడిబొడ్డుకు దూరంగానే పెట్టారు. ఉద్యోగాలు బయటికి వెళ్లాయి కాబట్టి నగరం తేలికపడాలి కదా? పొద్దున్నే షిఫ్టు వేళకి కూర్మన్నపాలెం జంక్షన్‌లో కాసేపు నిలబడి చూడండి. మెడలో ఐడీ కార్డు, చేతిలో క్యారేజీతో జనం వరసగా కంపెనీ బస్సుల కోసం ఎదురుచూస్తుంటారు. పని అచ్యుతాపురంలో, ఇల్లు గాజువాకలో. ఎందుకంటే పిల్లల స్కూలు, పెద్దవాళ్లకి చూపించే ఆస్పత్రి, భార్యదో భర్తదో ఇంకో ఉద్యోగం నగరంలోనే ఉన్నాయి. ఫ్యాక్టరీతోపాటు ఇల్లు కదల్లేదు. దాంతో నగరం లోపల తగ్గాల్సిన రద్దీ 16వ నంబరు జాతీయ రహదారి మీదికి చేరింది. సెజ్ పక్కనే మామూలు జీతగాడు భరించగలిగే అద్దె ఇళ్లు, నమ్మకమైన స్కూలు, షిఫ్టు వేళలకు నడిచే రైలో బస్సో ఉంటేనే అది తగ్గుతుంది. అనకాపల్లి, దువ్వాడ స్టేషన్లు హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీదే ఉన్నా, ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు అదే పట్టాల మీద నడవాలి. ఉద్యోగుల వేళలకు తగ్గట్టు లోకల్ రైళ్లు పెంచడం అంత తేలిక కాదు.

ఊళ్లను కలిపే ఏర్పాటు బాగుంటే ఏమవుతుందో చైనాలోని గ్వాంగ్‌జౌ, ఫోషాన్‌లలో కనిపిస్తుంది. ఆ రెండు నగరాలను కలుపుతూ 2010లో మెట్రో మొదలైంది. ఫోషాన్‌లో ఇల్లు చూసుకుని గ్వాంగ్‌జౌలో ఉద్యోగం చేసేవాళ్లకి అది పెద్ద ఆసరా. మన దగ్గర ఢిల్లీ–మీరట్ ఊళ్లను కలిపే వేగవంతమైన నమో భారత్ రైలు కూడా ఆ ఆలోచనతో వచ్చిందే. దాని మొదటి ముక్క 2023 అక్టోబరులో మొదలైంది.

కాలుష్యం సంగతి వేరు. బీజింగ్‌లోని షౌగాంగ్ ఉక్కు ఫ్యాక్టరీని పక్కనున్న హెబేయ్ రాష్ట్రంలో టాంగ్‌షాన్ తీరానికి తరలించారు. 2010 చివరికల్లా బీజింగ్‌లో ఉక్కు తయారీ ఆగింది. రాజధానికి ఊపిరాడింది. టాంగ్‌షాన్ మాత్రం ఏళ్ల తరబడి చైనాలో గాలి బాగా పాడైన నగరాల జాబితాలోనే ఉంది. బీజింగ్ లెక్కలు మాత్రమే చూసిన వాళ్లకి ఇది గొప్ప విజయంలా కనిపిస్తుంది. పరవాడ చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మీ అమ్మాయి వ్యాసంలో నాకు లోటనిపించింది ఇదే. విశాఖ బాగుపడటం గురించి రాసింది, ఆ బరువు మోసే అనకాపల్లికి ఏమవుతుందో రాయలేదు. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి ఈ ప్రశ్న తనకంటే బాగా అడగగలిగే వాళ్లు తక్కువ.

నీళ్ల సంగతి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. విశాఖ తాగే నీళ్లలో చాలావరకు విశాఖవి కావు. శారదా నది మీది రైవాడ మీ జిల్లాలో ఉంది. గోస్తనీ మీది తాటిపూడి విజయనగరం జిల్లాలో ఉంది. ఏలేరు నీళ్లు కాకినాడ జిల్లా నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి వస్తాయి, స్టీల్ ప్లాంటుకూ అవే ఆధారం. రైవాడ నీళ్లు సాగుకే వదలాలని దేవరాపల్లి, చోడవరం వైపు రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. రేపు అచ్యుతాపురం, భోగాపురం కూడా పెరిగితే వాటికీ నీళ్లు కావాలి. అప్పుడు ఎవరి వాటా ఎంత? ఊళ్లన్నీ కలిసి పెరిగినంత మాత్రాన ఒక్క చుక్క కూడా అదనంగా రాదు. మురుగునీటిని శుద్ధిచేసి ఫ్యాక్టరీలకు ఇవ్వడం, పైపుల్లో లీకులు ఆపడం, పంటకీ నగరానికీ మధ్య ఒప్పందం కుదర్చడం లాంటి పనులు జరిగితేనే ఏదైనా మారుతుంది.

ఈ పనంతా ఒకే ఆఫీసు చేతిలో లేకపోవడం అసలు చిక్కు. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడయింది. పోర్టు ఒక జిల్లాలో, సెజ్ ఒక జిల్లాలో, భోగాపురం విమానాశ్రయం విజయనగరం జిల్లాలో. నగర కార్పొరేషన్ జీవీఎంసీ హద్దు వేరు, జిల్లాలు దాటి విస్తరించిన వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ) హద్దు వేరు. 2018లో పాత నగరాభివృద్ధి సంస్థ వుడా స్థానంలో వీఎంఆర్‌డీఏ రావడం, కేంద్ర ప్రభుత్వ ప్రణాళికా సంస్థ నీతి ఆయోగ్ గ్రోత్ హబ్‌ల (అభివృద్ధి కేంద్రాల) కోసం మొదట ఎంచుకున్న నాలుగు నగర ప్రాంతాల్లో ముంబై, సూరత్, వారణాసిలతోపాటు విశాఖ ఉండటం చూస్తే, ప్రభుత్వాలు కూడా ఇప్పుడు నగరాన్ని దాని చుట్టుపక్కల జిల్లాలతో కలిపి ఆలోచిస్తున్నాయని తెలుస్తోంది. అంటే ఆ పని తెలిసిన మనుషులకు అవసరం పెరుగుతుంది.

ఇక చదువు. బి.ప్లాన్ నాలుగేళ్లు. ఇంటర్‌లో గణితం ఉండాలి, మీ అమ్మాయికి ఉంది. జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి, అందులో డ్రాయింగ్ పరీక్ష ఉండదు. నాటా అనే ప్రవేశ పరీక్ష గురించి ఎవరైనా కంగారు పెడితే, అది ఆర్కిటెక్చర్‌కి, దీనికి అక్కర్లేదు. విజయవాడ, ఢిల్లీ, భోపాల్‌లలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉన్నాయి. ఇంటికి దగ్గర కాబట్టి విజయవాడని మొదటి లక్ష్యంగా పెట్టుకోండి.

ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మొదటి జీతం మంచి సాఫ్ట్‌వేర్ ఆఫర్‌తో పోటీపడదు. టౌన్ ప్లానింగ్ ప్రభుత్వ పోస్టులకు నోటిఫికేషన్ ఏటా వస్తుందని నమ్ముకోకూడదు. చాలామంది మాస్టర్ ప్లాన్లు, రవాణా సర్వేలు చేసే కన్సల్టెన్సీల్లో మొదలుపెడతారు. డిగ్రీతోపాటు జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద సమాచారం పెట్టి విశ్లేషించడం), డేటా పని గట్టిగా వచ్చినవాళ్లు త్వరగా నిలదొక్కుకుంటారు. ఇంటి పరిస్థితి నాలుగేళ్లకే గట్టి జీతం కావాలనేలా ఉంటే, సివిల్ ఇంజినీరింగ్ చదివి గేట్ ప్రవేశ పరీక్ష రాసి ప్లానింగ్‌లో పీజీ అయిన ఎం.ప్లాన్‌కి వెళ్లే దారి మేలు. మధ్యలో మనసు మారినా చేతిలో ఇంజినీరింగ్ ఉంటుంది. అలా కాకుండా రెండేళ్లు తక్కువ జీతంతో సర్దుకోగలమనుకుంటే బి.ప్లాన్‌కే వెళ్లనివ్వండి. ఇష్టం లేని సీఎస్‌ఈలో చేర్చడం మాత్రం నేను సలహా ఇవ్వను.

ఆ ఇష్టం ఎంత గట్టిదో ఇప్పుడే చూసుకోవచ్చు. పరీక్షలయ్యాక అనకాపల్లి బస్‌ స్టాండులో పొద్దున పూట కొన్ని రోజులు కూర్చుని, కంపెనీలకు వెళ్లేవాళ్లను అడగమనండి. ఇల్లెక్కడ, పనెక్కడ, పని దగ్గరే ఎందుకు ఉండట్లేదు, నెలకు దారి ఖర్చెంత. ఆ జవాబులను క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు మీద పెట్టమనండి, నేర్పే వీడియోలు బోలెడున్నాయి. రెండో రోజుకే విసుగొస్తే వ్యాసం మీద ఇష్టం వేరు, వృత్తి మీద ఇష్టం వేరని తేలుతుంది. రాత్రి పొద్దుపోయేదాకా ఆ మ్యాపు ముందే కూర్చుంటే మీరు ధైర్యంగా ఉండొచ్చు.

ఆలోపు విజయవాడ వెళ్లి అక్కడ చివరి సంవత్సరం చదువుతున్న పిల్లలతో మీరిద్దరూ మాట్లాడండి. కోర్సు బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. పోయినేడు బయటికెళ్లిన సీనియర్లు ఏ ఊళ్లో, ఏ పనిలో, ఎంత జీతానికి ఉన్నారో, ఎంతమంది పై చదువులకి వెళ్లారో అడిగి రాసుకోండి.