పోకెమాన్ కార్డు పోస్టులో పంపాలి: కవరా, పార్సిలా, రిజిస్టర్డా?

సందేహం: అన్నయ్యగారూ, మేం వచ్చి ఏడాది కూడా కాలేదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. మావాడు ఏడో తరగతి. స్కూల్లో స్నేహితుల వల్ల పోకెమాన్ కార్టూన్ బొమ్మల కార్డులు సేకరించే పిచ్చి పట్టుకుంది. రెండేసి ఉన్నవి అమ్ముతానంటే వాళ్ల నాన్న పేరుతో ఈబే అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో పెట్టాం. మూడు డాలర్ల కార్డొకటి, 180 డాలర్ల కార్డొకటి అమ్ముడుపోయాయి. పోస్టాఫీసుకు వెళ్తే కౌంటర్లో ఆవిడ గబగబా నాలుగైదు పేర్లు చెప్పింది. ఏది తీసుకోవాలి? అన్నిటికీ ఇన్సూరెన్స్ కట్టాలా?

జవాబు: చూడమ్మా, కార్డు బరువు రెండు గ్రాములు కూడా ఉండదు. అందుకని ఇక్కడ తేల్చుకోవాల్సింది బరువు సంగతి కాదు, దారిలో పోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది. ఈబేలో అమ్మితే మీ నెత్తినే. కొన్నవాళ్లు అందలేదన్నా, వంగిపోయి వచ్చిందన్నా కట్టిన డబ్బుని ఈబే వాళ్లకు తిరిగి ఇప్పించేస్తుంది. ఆ తర్వాత పోస్టాఫీసు వెంట పడాల్సింది మీరే. కాబట్టి కార్డు ధర చూసుకుని పంపే పద్ధతి ఎంచుకోవాలి.

మూడు డాలర్ల కార్డుకి ఐదు డాలర్ల పార్సిల్ ఎవరూ కట్టరు. మామూలు తెల్ల కవర్లో పెట్టి స్టాంపు అంటించి పంపేవాళ్లు చాలామంది. 2025 జులైలో ఉత్తరం స్టాంపు 78 సెంట్లయింది. అయితే కార్డుని టాప్‌లోడర్‌లో, అంటే ఆ గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెడితే కవరు బిగుసుకుపోతుంది, ఉత్తరాలు వేరుచేసే మిషన్లో సరిగ్గా వంగదు. అలాంటి కవర్లకి అప్పటి రేటులో ఇంకో 49 సెంట్లు అదనం, అంటే మొత్తం డాలరూ 27 సెంట్లు. ఇంత కట్టినా ట్రాకింగ్ ఉండదు. రాలేదని అవతలివాళ్లు అంటే మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

దీనికి ఈబేలోనే మంచి ఉపాయం ఉంది, ఈబే స్టాండర్డ్ ఎన్వలప్ అంటారు. కార్డులు, స్టాంపులు, నాణేల్లాంటి పల్చటి సరుకు కోసమే పెట్టారు. 20 డాలర్ల లోపు కార్డులకే పనికొస్తుంది. కవరు పావు అంగుళం కంటే మందంగా ఉండకూడదు, బరువు మూడు ఔన్సులు దాటకూడదు. ఒక ఔన్సుకి డాలరు కూడా పడదు, పైగా ట్రాకింగ్ ఉంటుంది. కాకపోతే ఆ ట్రాకింగ్ పార్సిల్‌కి ఉన్నంత గట్టిది కాదు. కవరు మిషన్ల గుండా వెళ్తున్నప్పుడు పడే గుర్తులే తప్ప, పోస్ట్‌మ్యాన్ ఇంటి దగ్గర స్కాన్ చేయడు. అయినా చిన్న కార్డులకి ఇది చాలు, విడిగా ఇన్సూరెన్స్ గురించి ఆలోచించకండి.

కార్డు ధర 20 డాలర్లు దాటితే యూఎస్‌పీఎస్ (అంటే అమెరికా తపాలా శాఖ) వాళ్ల గ్రౌండ్ అడ్వాంటేజ్ అనే పార్సిల్ పద్ధతి. పాత ఫస్ట్ క్లాస్ ప్యాకేజ్‌ని, ఇంకో రెండు పద్ధతుల్నీ కలిపేసి 2023 జులైలో దీన్ని తెచ్చారు. మామూలుగా రెండు నుంచి ఐదు రోజుల్లో చేరుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇందులో 100 డాలర్ల దాకా ఇన్సూరెన్స్ లోపలే ఉంది, విడిగా కట్టక్కర్లేదు. నాలుగు ఔన్సుల లోపు బబుల్ కవరుకి ఆన్‌లైన్‌లో లేబుల్ (తపాలా ఖర్చు ముందే కట్టిన చిరునామా చీటీ) కొంటే ఐదు డాలర్లకు అటూ ఇటూ పడుతుంది, కౌంటర్లో కొంటే అదే కవరుకి ఏడు దాటుతుంది. దూరాన్ని బట్టి కాస్త మారుతుంది. ఈబేలోగానీ, పైరేట్ షిప్ అనే లేబుళ్లమ్మే వెబ్‌సైట్‌లోగానీ లేబుల్ కొని ఇంట్లోనే ప్రింట్ తీసుకోండి. పైరేట్ షిప్‌కి నెల చందా ఏమీ లేదు. కౌంటర్ రేటు కట్టడం మనవాళ్లు కొత్తలో తెలియక పెట్టే ఖర్చు.

ప్రయారిటీ మెయిల్ అంటే భద్రమని చాలామందికి ఒక నమ్మకం. అందులో ఉండేదీ 100 డాలర్ల ఇన్సూరెన్సే. ఒకటి రెండు రోజులు ముందు చేరుతుందేమో, డబ్బులు మాత్రం బాగా ఎక్కువ. సర్టిఫైడ్ మెయిల్ ఇంకో మాయ. పచ్చ స్టిక్కరు అంటించి సంతకం తీసుకుంటారు కదా అని అదేదో రక్షణ అనుకుంటాం. అది కాగితాలకు, కోర్టు నోటీసులకు. పంపినట్టు, అందినట్టు రుజువు ఇస్తుంది తప్ప పైసా ఇన్సూరెన్స్ ఉండదు. మీడియా మెయిల్ చవగ్గా కనిపిస్తుంది, అది పుస్తకాలకీ సీడీలకీ. కార్డులకి చెల్లదు.

ఇక మీ 180 డాలర్ల కార్డు. గ్రౌండ్ అడ్వాంటేజే తీసుకుని పై 80కి ఇన్సూరెన్స్ కలపండి. యూఎస్‌పీఎస్‌దే కొనొచ్చు, లేబుల్ కొనేచోట బయటి కంపెనీది కూడా చూపిస్తారు, చాలాసార్లు అదే చవక. బయటిది కొనేముందు రెండు సంగతులు చదవండి: వాళ్ల షరతుల్లో ట్రేడింగ్ కార్డులు (ఇలా కొని అమ్ముకునే బొమ్మల కార్డులు) మినహాయింపుల జాబితాలో ఉన్నాయేమో, క్లెయిమ్ పెట్టడానికి గడువు ఎంతో. అన్నట్టు, 180 డాలర్ల కార్డుని 500కి ఇన్సూర్ చేయిస్తే 500 వస్తాయని ఆశపడొద్దు. అది ఎంతకు అమ్ముడైందో కాగితం చూపించమంటారు, ఆ నూట ఎనభయ్యే వస్తాయి. మిగతాదానికి కట్టిన ప్రీమియం గంగపాలు.

పోస్టాఫీసు క్లెయిమ్ విషయంలో తేదీలు గుర్తుంచుకోండి. పోయినదానికి పంపిన రోజు నుంచి 15 రోజులు దాటాకే క్లెయిమ్ తీసుకుంటారు, 60 రోజులు దాటితే తీసుకోరు. పాడైనదానికి ఆగనక్కర్లేదు, వెంటనే పెట్టొచ్చు, కానీ అదే 60 రోజుల హద్దు. కొన్నాయన ఆ కవరూ లోపలి అట్టముక్కలూ పారేస్తే కేసు బలహీనపడుతుంది, అందుకని ఫిర్యాదు రాగానే 'అన్నీ అలాగే ఉంచండి, ఫొటోలు తీయండి' అని మెసేజ్ పెట్టండి. మీ వైపు నుంచి ఈబే ఆర్డర్ పేజీ, కట్టిన రసీదు, ప్యాక్ చేయకముందు కార్డు రెండు వైపులా తీసిన ఫొటో, ప్యాక్ చేస్తూ తీసినవి. ఈ ఫొటోలు అవసరం పడనన్నాళ్లు చాదస్తంలా ఉంటాయి.

ప్యాకింగ్ మీవాడికే నేర్పండి, ఇలా చేయమనండి. ముందు కార్డుని పెన్నీ స్లీవ్ అనే మెత్తటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలి. స్లీవ్ లేకుండా నేరుగా టాప్‌లోడర్‌లోకి తోస్తే అంచులు గీసుకుపోతాయి. స్లీవ్‌తో సహా టాప్‌లోడర్‌లోకి దించాక, పై మూతి మీద నీలం రంగు పెయింటర్స్ టేప్ చిన్న ముక్క, కొసని కాస్త మడిచి. స్కాచ్ టేప్ వేస్తే విప్పేటప్పుడు జిగురు ప్లాస్టిక్‌కి పట్టేస్తుంది, విప్పబోయి కార్డునే గీరినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత టీమ్ బ్యాగ్ అనే అంటుకునే పల్చటి సంచి, నీళ్లు పడకుండా. అప్పుడు పాత అమెజాన్ డబ్బాలోంచి కోసిన రెండు అట్టముక్కలు, టాప్‌లోడర్ కంటే అన్ని వైపులా వేలెడంత పెద్దవి, మధ్యలో కార్డు. అట్టల చారలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉండేట్టు పెడితే ఏ వైపూ సులువుగా వంగవు. ఊపితే లోపల కదిలే చప్పుడు రాకూడదు. ఆపైన బబుల్ కవరు. బయట పోకెమాన్ అనిగానీ కార్డ్స్ అనిగానీ రాయొద్దు.

ధర వేలల్లోకి వెళ్తే లెక్క మారుతుంది. 750 డాలర్లు, ఆపైన అయితే సంతకం తీసుకుని ఇచ్చే పద్ధతి ఉంటేనే ఈబే అమ్మినవాళ్ల పక్షాన నిలబడుతుంది. యూపీఎస్, ఫెడెక్స్ అనే ప్రైవేటు కొరియర్లలో 'డిక్లేర్డ్ వాల్యూ' అని ఉంటుంది, అది ఇన్సూరెన్స్ కాదు, వాళ్ల బాధ్యతకు వాళ్లే పెట్టుకున్న హద్దు. ఫెడెక్స్ అయితే స్పోర్ట్స్ కార్డుల్లాంటి సేకరణ వస్తువులకి 1,000 డాలర్లకు మించి ఒప్పుకోదు. ఐదు వేల కార్డుకి ఐదు వేలని రాసినంత మాత్రాన అంతా రాదన్నమాట.

అలాంటివాటికి నేను రిజిస్టర్డ్ మెయిలే అంటాను. రుసుమే 20 డాలర్ల దరిదాపుల్లో మొదలవుతుంది, తపాలా ఖర్చు దాని పైన, చేరడానికి వారం పది రోజులు. కానీ చేతులు మారినచోటల్లా ఎవరు తీసుకున్నారో లెక్క రాసుకుంటారు, మధ్యలో తాళం వేసిన గదుల్లో పెడతారు, 50,000 డాలర్ల దాకా ఇన్సూరెన్స్ దొరుకుతుంది. అతుకుల మీద పోస్టాఫీసు ముద్ర పడాలి కాబట్టి మెరిసే ప్లాస్టిక్ టేప్ వేస్తే వెనక్కి ఇచ్చేస్తారు, గోధుమరంగు కాగితం టేపే వాడాలి. 1958 నవంబరులో హ్యారీ విన్‌స్టన్ అనే న్యూయార్క్ వజ్రాల వ్యాపారి హోప్ డైమండ్ అనే పేరున్న వజ్రాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి పంపింది ఈ రిజిస్టర్డ్ పోస్టులోనే, గోధుమరంగు కాగితంలో చుట్టి. మొత్తం 145 డాలర్ల 29 సెంట్లు కట్టాడు. అందులో తపాలా 2 డాలర్ల 44 సెంట్లు, మిగతాదంతా పది లక్షల డాలర్లకు ఇన్సూరెన్స్. ఆ వజ్రం కృష్ణ ఒడ్డున మన పల్నాటి కొల్లూరు గనుల్లో దొరికిందంటారు, ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ఆ పొట్లం కాగితాన్ని మాత్రం వాషింగ్టన్ పోస్టల్ మ్యూజియంలో దాచారు. పిల్లాణ్ని తీసుకెళ్లినప్పుడు చూపించండి.

మీరు అడగని విషయం ఒకటి. అకౌంట్ వాళ్ల నాన్నదంటున్నారు. ఆయన హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే, ఇంట్లో మిగిలిన కార్డులు ఎప్పుడో ఒకటి అమ్ముకోవడం వేరు, అమ్మడానికే డబ్బాలకు డబ్బాలు కొని నెలనెలా లాభం చూసుకోవడం వేరు. రెండోది వ్యాపారం, వీసా అనుమతించని పని కిందకు రావచ్చు. ఆయన భార్యగా హెచ్4 వీసా మీద ఉన్న మీ పేరుకి మార్చినా అదే గొడవ. ఆ దిశగా వెళ్తున్నట్టు అనిపిస్తే ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి. పన్ను సంగతి విడిగా ఉంది: 20,000 డాలర్లు, 200 అమ్మకాలు, రెండూ దాటితేనే ఈబే 1099-కే ఫారం (అమ్మకాల మొత్తాన్ని పన్ను శాఖకు తెలిపే కాగితం) పంపాలని 2025లో చట్టం మళ్లీ పాత హద్దుకే తెచ్చింది. ఫారం రానంత మాత్రాన లాభం మీద పన్ను లేదని కాదు.

హైదరాబాదులో ఉన్న బావమరిది కొడుక్కి కూడా కొన్ని పంపుదామనుకుంటే, బహుమతి అని రాస్తే సుంకం పడదనే పాత మాట మరిచిపోండి. ఐదు వేల రూపాయల లోపు బహుమతులకున్న మినహాయింపుని 2019 డిసెంబరులో తీసేశారు, మిగిల్చింది రాఖీలకీ ప్రాణాధార మందులకే. దసరాకి ఎవరైనా ఇండియా వెళ్తుంటే చేతి బ్యాగ్‌లో ఇచ్చి పంపండి.