అటక మీది ట్రంకు పెట్టె: ఒక యువ రచయితకు లేఖ

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో పంపిన ఫోటోలు కూడా కళ్లద్దాలు మార్చి మార్చి చూశాను. మొత్తానికి గూడూరు ఇంటి అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగిందన్నమాట. మీ ముత్తాత అభ్రకం (మైకా) గని కాగితాలు, ఉత్తరాల కట్టలు, లీజు పత్రాలు, చిట్టా పుస్తకాలు. "ఉత్తరాలన్నీ చదివేశాను, చిట్టాల్లో అంకెలు తప్ప ఏమీ లేవు, నవల మొదలుపెట్టనా?" అని అడిగావు. అప్పుడే వద్దు. నీకు కావలసిన సరుకు ఆ అంకెల్లోనే ఉంది.

ముందు ఆ కట్టలు విప్పి తేదీల వరసలో సర్దేయాలన్న తొందర ఆపుకో. ఏ కాగితం దేని పక్కన ఉందో ఫోటో తీసి, పెన్సిలుతో నంబరు వేసి, ఆ తర్వాతే కదిలించు. గని లీజు మధ్యలో ఆస్పత్రి చీటీ ఉందంటే ఎవరో కావాలనే దాన్ని అక్కడ పెట్టి ఉండొచ్చు. లామినేషన్ జోలికి మాత్రం పోకు.

అక్షరాలు కలిపేసి రాసే ఆ గొలుసుకట్టు రాత నీకు కొరుకుడు పడదు. మీ వైపు కరణీకం చేసినవాళ్ల ఇంట్లో పెద్దాయన ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకో. నాలుగు పేజీలు చదివి వినిపిస్తే నీ కళ్లే అలవాటు పడతాయి. ఫసలీ అని ఉంటే అది పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలుపు. ఫసలీ 1350 అంటే 1940 జూలై నుంచి 1941 జూన్ దాకా. ఒట్టి 'విక్రమ' అని తెలుగు సంవత్సరం పేరు రాసుంటే, అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కాబట్టి అది 1940 కావచ్చు, 1880 కావచ్చు. స్టాంపు కాగితం మీద ఉన్నది రాజో రాణో చూస్తే తేలిపోతుంది. 12-8-0 అంటే 12 రూపాయల 8 అణాలు, రూపాయికి పదహారణాలు కాబట్టి పన్నెండున్నర రూపాయలు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా లెక్క ఇదే.

తూకం దగ్గర నేను ఒకసారి బోర్లా పడ్డాను. మన మద్రాసు మణుగు 25 పౌన్లు. బెంగాల్ మణుగు 82 పౌన్ల పైమాట. కలకత్తా కంపెనీల ఉత్తరాల్లోనూ మణుగే, మన చిట్టాల్లోనూ మణుగే. రెండూ ఒకటే అనుకుని ఒక గని దిగుబడిని మూడింతలు చేసి వ్యాసం రాశాను. అచ్చయిన వారానికి ఒక ముసలి వ్యాపారి ఫోన్ చేసి, "ఏం సామీ, అంత సరుకు తీసుంటే మేమింకా పెంకుటింట్లో ఎందుకుంటాం?" అన్నాడు.

అభ్రకం నంబర్లూ అంతే. నంబరు తగ్గేకొద్దీ రేకు పెద్దది. ఒకటో నంబరు 24 నుంచి 36 చదరపు అంగుళాలు. ఆరో నంబరు ఒకటి నుంచి రెండుంబావు. నువ్వు పంపిన మూడో ఫోటోలో మేస్త్రీ "ఈ వారం అంతా ఆరే" అని రాశాడు చూడు. అది తెలియకపోతే గొప్పలు చెబుతున్నాడనుకుంటావు. పాపం, ఏడుస్తున్నాడు.

ఇక అసలు సంగతి. చాలా ఏళ్ల కిందట ఇలాంటి కాగితాలే ఇంకో కుటుంబంవాళ్లు నాకిచ్చారు. ఉత్తరాల్లో ఆ పెద్దమనిషి ధర్మరాజు. గనిలో రాయి పడి కూలీ ఒకడు చనిపోతే కర్మకాండలకు 12 రూపాయలు ఇచ్చానని అల్లుడికి రాసుకున్నాడు. చిట్టాలో ఆ 12-0-0 ఉంది కూడా. నాకు కళ్లు చెమర్చాయి, ఆ పూటే ఒక అధ్యాయం రాసేశాను. నెల తర్వాత కూలీల మస్టరు, అంటే హాజరు పుస్తకం, తిరగేస్తుంటే, పొరలు చీల్చే షెడ్డులో పనిచేసే ఒకావిడ పేరుకు ఎదురుగా వారం వారం 'వ. 0-4-0' అని కనిపించింది. 'వ' అంటే వసూలు, వారానికి నాలుగణాలు. ఆవిడ ఆ చనిపోయినవాడి పెళ్లాం. లెక్కపెట్టాను, నలభై ఎనిమిది వారాలు, సరిగ్గా ఆ పన్నెండు రూపాయలు. అధ్యాయం చించేశాను. అలాగని ఆయన్ని దుర్మార్గుణ్ణి చేసి మళ్లీ రాయలేదు. ఇచ్చినప్పుడు నిజంగానే జాలిపడి ఇచ్చి ఉంటాడు, గుమస్తా రివాజు ప్రకారం పట్టుకుని ఉంటాడు. ఆ రెండు పుస్తకాలూ ఆయన బల్ల మీదే ఉండేవి, అంతవరకే నాకు తెలుసు. అంతే రాశాను.

అందుకే మస్టర్లు ముందు చదవమంటున్నాను. కత్తెరతో అంచులు కోసినవాళ్లు, పొరలు తీసిన ఆడవాళ్లు మీ ముత్తాత ఉత్తరాల్లో ఎక్కడా ఉండరు. మస్టర్లో ఉంటారు, అదీ సగంమంది ఫలానావాడి పెళ్లాంగానో కూతురుగానో.

లీజుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందువి జమీందారుతో ఉంటే, తర్వాతివి సర్కారుతో ఉంటాయి. ఆ మార్పు కాలంలో ఉత్తరాల్లో టెన్షన్ కనబడుతుంది, గమనించు. నెల్లూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కదా, సర్కారువైపు దస్త్రాల కోసం చెన్నైలో తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాల్సి రావచ్చు. 1946లో అభ్రకం గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది, ఎగుమతి సరుకు మీద సుంకం వేసి ఆ డబ్బుతో నడిపారు. దాన్ని తిడుతూ మీ ముత్తాత రాసిన ఉత్తరం దొరికితే దాచిపెట్టకు.

"భాగస్తుడు ముంచేశాడు, అందుకే గని మూతపడింది" అని మీ ఇంట్లో చెబుతారని రాశావు. నేను చూసిన ప్రతి గని కుటుంబంలోనూ ఒక భాగస్తుడు ముంచాడు! నిజమే కావచ్చు. కానీ రేడియో వాల్వుల్లో అభ్రకం వాడేవారు, ట్రాన్సిస్టర్ వచ్చాక దానికి ఆ అవసరం లేకపోయింది. చివరి చిట్టాల్లో అమ్మకం ధరలు ఏ ఏడాది నుంచి జారాయో, భాగస్తుడు ఏ ఏడాది వెళ్లిపోయాడో పక్కపక్కన రాసుకుని చూడు. మీ తాతయ్యకు మాత్రం ఇప్పుడే చెప్పకు.

ఇంకొకటి. ఏడో ఫోటోలో, మస్టరు పేజీ మార్జిన్లో పెన్సిలు రాత ఏదో ఉంది. మీ ముత్తాతది కాదు, మేస్త్రీదీ కాదు. పగటి వెలుతురులో దగ్గరగా తీసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు