ఘాట్ రోడ్డు, ఇన్సులిన్, పాపకు వాంతులు: కారులో అరకు బయల్దేరే ముందు

ప్రశ్న: మాది విజయవాడ. నా వయసు 46. డిసెంబరు చివర్లో సొంత కారులో అయిదు రోజులు తిరిగొద్దామనుకుంటున్నాం. మొదటి రోజు విశాఖ. రెండో రోజు బీచ్ రోడ్డులో తొట్లకొండ, భీమిలి చూసుకుని విజయనగరం. మూడో రోజు ఎస్.కోట ఘాట్ ఎక్కి బొర్రా గుహలు, అరకు. నాలుగో రోజు పాడేరు మీదుగా లంబసింగి. అయిదో రోజు నర్సీపట్నం, తుని మీదుగా ఇంటికి. డ్రైవింగ్ అంతా నాదే. నాకు బీపీ ఉంది, టెల్మిసార్టన్ వేసుకుంటాను. అమ్మకు 68 ఏళ్లు. పొద్దున, రాత్రి 30/70 ఇన్సులిన్, దాంతోపాటు మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర వాడుతుంది. అరికాళ్లు కాస్త మొద్దుబారాయి, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఎనిమిదేళ్ల పాపకు మలుపుల రోడ్డు వస్తే వాంతులే. పోయినసారి మందుల షాపులో ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చారు, పనిచేయలేదు. కొండ మీద అమ్మకు ఊపిరి అందదేమోనని ఇంట్లో భయపడుతున్నారు. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వెళ్లొచ్చు. ముందు ఆ ఊపిరి భయం తీసేద్దాం. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. అరకు లోయ సుమారు 900 మీటర్లు, లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. మన రాష్ట్రంలో తూర్పు కనుమల శిఖరం ఏదీ 1700 మీటర్లు దాటదు. అందుకని ఆక్సిజన్ డబ్బాలు కొనకండి. ఘాట్ ఎక్కేటప్పుడు చెవులు మూసుకుపోయినట్లుంటే ఏదైనా నమిలితే చాలు. మామూలుగా ఇంట్లో మెట్లు ఎక్కితేనే అమ్మగారికి ఆయాసం వస్తుంటే అది వేరే సంగతి. దాన్ని కొండ మీద పెట్టకుండా, బయల్దేరే ముందే ఈసీజీ తీయించి డాక్టరుకు చూపించండి.

ఈ ప్రయాణంలో మీ ఇంటిల్లిపాదినీ ఇబ్బంది పెట్టేది కొండ ఎత్తు కాదు, వేళ తప్పడం. తిండి వేళ, మందు వేళ, నిద్ర వేళ.

పాప సంగతి. కళ్లు ఒకటి చెబుతుంటే లోపలి చెవి ఇంకొకటి చెబుతుంది, ఆ తగవులోనే వాంతి వస్తుంది. రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. ఆన్‌డాన్‌సెట్రాన్ పొట్ట చెడినప్పుడు వచ్చే వాంతులకు మంచి మందే, కానీ ప్రయాణపు వాంతులను పెద్దగా ఆపదు. డాంపెరిడోన్ కూడా అంతే. షాపులో అడిగితే ఎక్కువగా చేతికొచ్చేవి ఈ రెండే కాబట్టి చాలా ఇళ్లలో 'మా పిల్లకు ఏ మందూ పనిచేయదు' అనుకుంటారు. పనిచేసేది ప్రోమెథజీన్ థియోక్లేట్ రకం. 25 మిల్లీగ్రాముల మాత్రలో సగం, మలుపులు మొదలవడానికి గంట నుంచి రెండు గంటల ముందు. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు ఇదే మోతాదు, రెండేళ్లలోపు వాళ్లకు మాత్రం ఇది ఇవ్వకూడదు. పాప వేరే మందులేమైనా వాడుతుంటే, ఫిట్స్ ఉంటే పిల్లల డాక్టరును అడగకుండా వేయొద్దు.

ఇక్కడ వేళ చూసుకోవాలి. విజయనగరం నుంచి ఎస్.కోట దాదాపు గంట, ఆ తర్వాత ఘాట్. అంటే మాత్ర విజయనగరంలో టిఫిన్ అవగానే పడాలి. ఎస్.కోటలో గుర్తొచ్చి వేస్తే అది పనిచేసేలోపు మలుపులు వచ్చేస్తాయి, వాంతి మొదలయ్యాక వేస్తే మాత్ర కడుపులో నిలవదు. దీంతో నిద్ర ముంచుకొస్తుంది, కొందరు పిల్లలు అందుకు విరుద్ధంగా చిర్రుబుర్రులాడతారు. అందుకే బయల్దేరే ముందు ఒక ఆదివారం ఇంట్లో ఒకసారి వేసి చూడండి. అరకు నుంచి పాడేరు వెళ్లేటప్పుడూ, లంబసింగి నుంచి నర్సీపట్నం దిగేటప్పుడూ మలుపులే కాబట్టి ఆ రెండు రోజుల పొద్దులకు కూడా సగం సగం ఉంచుకోండి. ఒకే రోజులో రెండోసారి వద్దు.

ఎక్కడ కూర్చోబెట్టాలి? ముందు సీటు పనికిరాదు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటులో ఆ వయసు పిల్లలు కూర్చోకూడదు. వెనక సీటు మధ్యలో కూర్చుంటే ఎదురుగా రోడ్డు కనిపిస్తుంది. కానీ ఆ మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉంటేనే, నడుముకు మాత్రమే ఉండే బెల్టయితే వద్దు. ఫోను, బొమ్మల పుస్తకం చేతికివ్వకండి. ఖాళీ కడుపుతో వాంతి ఆగుతుందన్నది పొరపాటు, ఒక ఇడ్లీనో రెండో తినిపించండి. నూనె పూరీ, పాలు వద్దు. కారులో వేలాడదీసే సెంటు డబ్బా బయల్దేరే ముందే తీసేయండి, ఘాట్‌లో సగం వాంతులు దాని పుణ్యమే. మిగతాది మీ కాలి కింద ఉంది. మలుపు ముందే నెమ్మదించి, మలుపులో బ్రేకు తొక్కకుండా నడపండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పేది బ్రేకులు వేడెక్కకుండానే కాదు, వెనక కూర్చున్నవాళ్ల కడుపుకూ మేలు చేస్తుంది. ఇంత చేసినా పాపకు పడదనుకుంటే ఇంకో దారి ఉంది. విశాఖ నుంచి వచ్చే కిరండూల్ రైలు ఎస్.కోట మీదుగానే వెళ్తుంది. పాపను ఇంట్లో ఒకరితో అందులో ఎక్కించండి. ఆ సొరంగాలు పాపకు నచ్చుతాయి కూడా.

ఇక అమ్మగారు. హోటల్ బోర్డు కనిపించగానే, ఆర్డర్ ఇవ్వకముందే ఇన్సులిన్ వేసుకోవడం ఎక్కువమంది చేసే తప్పు. 30/70 మామూలు రకమైతే ఇంట్లో భోజనానికి అరగంట ముందు వేస్తారు, నిజమే. కానీ సెలవు రోజుల్లో అరకులో బొంగు చికెన్ చేతికి రావడానికి ఒక్కోసారి గంట పడుతుంది. ఈ అయిదు రోజులు పళ్లెం ముందుకొచ్చాకే సూది వేయండి. తిన్నాక షుగరు 30, 40 పాయింట్లు పెరిగినా ఏమీ కాదు, రోడ్డు మీద 60కి పడిపోవడం ప్రమాదం.

పడిపోతే ఏం పెట్టాలన్నది ఇంట్లో అందరికీ తెలియాలి. చెమటలు, వణుకు, చిరాకు, మాట తడబడటం. షుగరు మీటరులో 70 కన్నా తక్కువ. చేతిలో తాపేశ్వరం కాజా ఉంది, పక్కన మాడుగుల హల్వా డబ్బా ఉంది, అవి పెట్టేద్దామనిపిస్తుంది. వద్దు. వాటిలోని నెయ్యి తీపిని రక్తంలోకి వెంటనే చేరనివ్వదు. పైగా మీ అమ్మగారి మాత్రలో వోగ్లిబోస్ ఉంది. మామూలు పంచదారను విడగొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. కాబట్టి పంచదార నీళ్లు, కూల్‌డ్రింకు కూడా ఆలస్యంగా పనిచేస్తాయి. ఆవిడకు కావాల్సింది గ్లూకోజ్ పొడి. నిండుగా మూడు చెంచాలు, అంటే దాదాపు 15 గ్రాములు, అరగ్లాసు నీళ్లలో. పావుగంట ఆగి మళ్లీ మీటరుతో చూడండి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే. దాటాక రెండు బిస్కెట్లో, ఒక అరటిపండో. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆ పొడి డిక్కీలోని సూట్‌కేసులో కాదు, ఆవిడ చేతిసంచిలో ఉండాలి.

మీటరు విషయంలో రెండు తిరకాసులు. పూతరేకులు తిన్న వేళ్లతో పరీక్ష చేస్తే లేని షుగరు కనిపిస్తుంది, చేయి కడిగి తుడుచుకోండి. శానిటైజర్ చాలదు. రెండోది, చాలా మీటర్లు 10 డిగ్రీల కన్నా తక్కువ చలిలో పనిచేయవు. లంబసింగిలో తెల్లవారుజామున 'ఎర్రర్' అని వస్తే మీటరు పాడైందనుకోకండి, పావుగంట స్వెట్టర్ లోపలి జేబులో పెట్టి మళ్లీ చూడండి.

వాడుతున్న ఇన్సులిన్ బుడ్డి లేదా పెన్ 30 డిగ్రీల లోపు ఉంటే నాలుగు వారాలు నిలుస్తుంది. చెడేది రెండు చోట్ల. భీమిలిలో కారు ఎండలో ఆపి మీరు ఒడ్డున తిరుగుతుంటే లోపల గంటలో 45 డిగ్రీలు దాటుతుంది. డ్యాష్‌బోర్డు అరలో ఇంకా ఎక్కువ. కాబట్టి అది ఎప్పుడూ మనిషితోనే దిగాలి. ఇంకోటి, ఐసు ముక్కల మధ్య పెట్టడం, హోటల్ ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించడం. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, పని మాత్రం సరిగా చేయదు. చల్లటి నీళ్లతో కడిగి, తుడిచి ఆరబెట్టిన థర్మాస్ ఫ్లాస్కు చాలు. ఇంకో బుడ్డి అదనంగా, వేరే సంచిలో పెట్టుకోండి.

అమ్మగారి బీపీ మాత్రలో ఉన్న క్లోర్‌థాలిడోన్‌తో మూత్రం ఎక్కువ వస్తుంది. దారిలో బాత్రూం దొరకదని ఆడవాళ్లు సామాన్యంగా చేసేది రెండు: మాత్ర మానేయడం, నీళ్లు మానేయడం. రెండూ వద్దు. పొడవైన ప్రయాణం ఉన్న మొదటి, అయిదో రోజుల్లో మాత్రను మధ్యాహ్నానికి జరపండి, కొన్ని గంటల తేడాతో నష్టం లేదు. గంటన్నర, రెండు గంటలకోసారి పెట్రోల్ బంకు దగ్గర ఆపండి. ఎలాగూ ఆపాలి, నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. రెండు కాళ్లూ కాస్త వాస్తే మామూలే. ఒక్క పిక్కే వాచి నొప్పి పెడితే ఆసుపత్రికి వెళ్లాలి.

బొర్రా గుహల్లో మెట్లు తడిగా ఉంటాయి, దిగినదంతా మళ్లీ ఎక్కాలి. రైలింగు పట్టుకుని, ఆవిడకు చాలనిపించిన చోటే ఆగండి. ఆ రాత్రి మోకాళ్లు పీకుతాయి. అప్పుడు మీరు డైక్లోఫినాక్ ఇస్తే, టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్, నొప్పి మాత్ర, ఈ మూడూ కలిసి కిడ్నీల మీద పడతాయి. విరేచనాలో, నీళ్లు తక్కువ తాగడమో తోడైతే మరీ. పారాసిటమాల్ 650 ఒకటి, పైన పూత మందు. అంతకు మించి వద్దు. కాళ్లు మొద్దుబారినవాళ్లు ఇసుకలో చెప్పులు విప్పకూడదు, గవ్వ పెంకు దిగినా తెలియదు. రాత్రి పడుకునే ముందు టార్చి వేసి అరికాళ్లు ఎవరైనా చూడాలి. చలికి కాళ్లకు వేడినీళ్ల సంచి పెట్టకండి, మేజోళ్లు చాలు.

మీ గురించి. విజయవాడ నుంచి విశాఖ దాదాపు 350 కిలోమీటర్లు. ట్రాఫిక్ తప్పించుకుందామని రాత్రి రెండింటికి బయల్దేరే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. రెండు నుంచి అయిదు వరకు ఒంటికి నిద్ర బాగా ముంచుకొచ్చే వేళ, అప్పుడు ఖాళీ రోడ్డు ఇంకా జోకొడుతుంది. అయిదున్నరకు బయల్దేరండి. భోజనం తర్వాత రెండు, నాలుగు మధ్య మళ్లీ ఒక మగత వస్తుంది, అన్నవరం, తుని ప్రాంతంలో సరిగ్గా ఆ వేళకు చేరేటట్లు పెట్టుకోకండి. కళ్లు మూతలు పడుతుంటే అద్దం దించడం, పాటలు పెంచడం పనికిరావు. ఒక కాఫీ తాగి, వెంటనే సీటు వాల్చి ఇరవై నిమిషాలు పడుకోండి. కాఫీ పట్టేలోపు కునుకు అయిపోతుంది. పాపకిచ్చిన వాంతి మాత్ర మీరు వేసుకోకూడదు. జలుబు మాత్రలూ అంతే. వాటిలోని క్లోర్‌ఫెనిరమిన్ నిద్ర తెస్తుంది, ఫినైలెఫ్రిన్ బీపీ పెంచుతుంది.

లంబసింగి చలి గురించి అందరూ స్వెట్టర్లు చెబుతారు, నేను చెప్పేది నిప్పు గురించి. మంట ఆరాక మిగిలిన బొగ్గులను కుంపటిలో వేసుకుని గదిలోకో, టెంట్‌లోకో తీసుకెళ్లి తలుపు వేసుకుంటారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు వస్తే తిన్నది పడలేదనుకుని మళ్లీ పడుకుంటారు, అక్కడే ప్రాణం పోతుంది. వెంటనే బయట గాలిలోకి రావాలి, ఆసుపత్రికి వెళ్లాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి కారు అద్దాలు మూసి నిద్రపోవడంలోనూ ఇదే ప్రమాదం.

కొండ దారుల్లో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. మందుల చీటీల ఫొటోలు ఫోన్‌లో, ఒక కాగితం పర్సులో. లీటరు నీళ్లకు సరిపోయే ఓఆర్ఎస్ పొట్లాలు ఆరు, ఒక్కోటి సరిగ్గా లీటరు నీళ్లలో. పండ్ల రుచులతో అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు దానికి బదులు కావు.

చివరగా దోమలు. అరకు, పాడేరు ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది. చీకటి పడ్డాక నిండు చేతుల చొక్కాలు, ఒంటికి రాసే దోమల మందు, రాత్రికి దోమతెర. ఇవి చాలు, మీరున్న రెండు రాత్రులకు ముందస్తు మాత్రలు అందరికీ అక్కర్లేదు. గడ్డి మీద దుప్పటి లేకుండా పడుకోకండి, స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెచ్చే చిన్న పురుగులు గడ్డిలోనే ఉంటాయి. ఇంటికొచ్చిన వారం తర్వాత ఎవరికైనా జ్వరం వస్తే, రెండు నెలలకు వచ్చినా సరే, డాక్టరుకు ముందు చెప్పాల్సింది ఫలానా తేదీల్లో అరకు, లంబసింగి వెళ్లామన్న మాట. విజయవాడలో డిసెంబరు, జనవరి జ్వరానికి మలేరియా పరీక్ష వెంటనే తట్టకపోవచ్చు. అదే రోజు రక్తపరీక్ష చేయించండి. చంకల్లో, నడుము దగ్గర కాలి మాడినట్లు నల్లటి పొక్కు ఉందేమో చూడమనండి, అది స్క్రబ్ టైఫస్ గుర్తు.