నాలుగోది, పదకొండోది, పదిహేడోది

బిడ్డా,

నువ్వు పంపిన ‘నా గురించి ఇరవై ముచ్చట్లు’ అందింది. బత్తాయి కాయ దింపే రోజులు కావడంతో జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు.

ముందు కొట్టేసే పని కానిద్దాం. వానంటే ఇష్టం, చాయ్ తాగకపోతే తలనొప్పి, పాటలు పెట్టుకోందే నిద్ర పట్టదు, కుక్కలంటే భయం, నలుగురిలో మాట్లాడాలంటే టెన్షన్. ఈ ఐదింటినీ తీసేయ్. ఇవి అబద్ధాలని కాదు. మీ హాస్టల్లో నీ పక్క మంచం పిల్లను రాయమన్నా ఇవే రాస్తుంది. నేనైతే ఒక పని చేస్తాను: రాసిన వాక్యం కింద నా పేరు కొట్టేసి ఇంకెవరి పేరైనా పెట్టి చదువుతాను. ఏమీ తేడా రాకపోతే ఆ వాక్యం నేను రాయాల్సిన పని లేదు. ఎడమ చేత్తో రాయడం, రాత్రిళ్లు గోళ్లు తీస్తే మీ అమ్మ తిట్టడం కూడా దాదాపు అంతే. గోళ్ల ముచ్చట మన దగ్గర ఏ ఇంట్లో లేదు చెప్పు?

ఇక అసలు సంగతి. నీ జాబితాలో నాలుగోది, పదకొండోది, పదిహేడోది వేర్వేరు ముచ్చట్లనుకుని వేర్వేరు చోట్ల పెట్టావు. నాకు మాత్రం మూడూ ఒక్కటే అనిపించాయి. నువ్వు చూసుకోలేదు, అంతే.

నాలుగోదాంట్లో ఇలా రాశావు: “ఫొటోల్లో పళ్లు కనబడేలా నవ్వను. అది నా స్టైల్.” పోయిన డిసెంబరులో నల్లగొండలో సభ అయ్యాక అందరం ఫొటో దిగాం, గుర్తుందా? ఫొటో తీసే అబ్బాయి “నవ్వండి” అనగానే నువ్వు కింది పెదవిని పైపెదవితో బిగబట్టి, గడ్డం కాస్త దించి, చున్నీ కొసను మూతి దగ్గరికి తెచ్చుకున్నావు. క్షణంలో సగం కూడా పట్టలేదు. అంత చకచకా చేతనైందంటే ఆ పని ఎన్నేళ్లుగా చేస్తున్నావో! మీది మర్రిగూడ వైపు ఊరని తెలుసు కాబట్టి నాకు అర్థమైంది. ఒక్క ‘స్టైల్’ అనే మాట పెట్టి నువ్వు తలుపేసుకున్నావు.

ఆ తలుపు కొంచెం తీసి చూడు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరు తాగే నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మీ వైపు బోరింగు నీళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న ఊళ్లున్నాయి. పాలపళ్లు ఊడి వచ్చే పళ్లు దవడలోపల తయారయ్యేది పుట్టిన దగ్గర్నుంచి ఎనిమిదేళ్ల దాకా. ఆ ఏళ్లలో ఏ నీళ్లు తాగితే ఆ నీళ్లే పంటి మీద రాసిపెడతాయి. పసుపు గీతలు, ఆ తర్వాత గోధుమరంగు మచ్చలు. వేపపుల్లతో తోమినా పోవు, ఖరీదైన పేస్టుతో తోమినా పోవు. మన దగ్గర వీటిని గారపళ్లంటారు. పెళ్లిచూపుల్లో ఆ మాట ఎంత పని చేస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నీ పద్నాలుగోది చూడు. మీ తమ్ముడు ప్రతి ఫొటోలో ముప్పై రెండు పళ్లూ చూపిస్తాడని, వాడికి సిగ్గు లేదని రాశావు. వాడు నీకన్నా పదేళ్లు చిన్న. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి చౌటుప్పల్ దగ్గర పైలాన్ కట్టింది 2015లో. మీ ఊరికి, మీ వాడకు, మీ ఇంటి నల్లాకు కృష్ణా నీళ్లు ఏ యేడు వచ్చాయో కనుక్కో. ఆ తేదీ నీ చిన్నతనానికీ వాడి చిన్నతనానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఒక్క తల్లి బిడ్డలు, ఒక్క పొయ్యి మీద వండిన అన్నం, ఒకరు పెదవులు బిగబట్టి నవ్వుతారు, ఒకరు నోరంతా తెరిచి నవ్వుతారు. వాడికి లేనిది సిగ్గు కాదు బిడ్డా. ఈ అక్కాతమ్ముళ్ల నవ్వులు పక్కపక్కన పెట్టి రాస్తే మీ మండలం ముచ్చటంతా రెండు పేజీల్లో వస్తుంది. నువ్వు ఫ్లోరైడ్ అనే మాట వాడకపోయినా వస్తుంది.

పదకొండోది చదివి నేను గట్టిగా నవ్వాను. “మా తాత ఒకసారి ఎంపీగా నిలబడి చిత్తుగా ఓడిపోయాడు, ఇప్పటికీ ఇంట్లో ‘ఎంపీ సాబ్’ అని ఏడిపిస్తాం.” ఆయన నిలబడ్డది ఏ యేడో రాయలేదు నువ్వు. 1996 అయి ఉండాలి. ఆ యేడు లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపు మీద రైతులు, కూలీలు, మామూలు జనం పోయి నామినేషన్లు వేశారు. గెలుస్తామని ఎవరికీ ఆశ లేదు. తాగే నీళ్ల గోస ఢిల్లీకి ఇంకోరకంగా వినబడేట్టు లేదని వేశారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు. అదే యేడు దాన్ని పదివేలు చేశారు. మీ తాతకు ఆ రోజుల్లో 500 ఎక్కడివి? ఎడ్ల అంగడిలో ఏమైనా అమ్మాడా, ఎవరి దగ్గరైనా చేబదులు తెచ్చాడా, ఊరంతా చందా వేసుకుందా? ఆయన గుర్తు ఏమిటి? మీ నాయనమ్మ ఆయనకే ఓటేసిందా? ఇవి అడుగు. జోకు జోకుగానే ఉండనియ్, ‘ఎంపీ సాబ్’ అని పిలవడం మానకండి. అయితే చదివేవాళ్లు నవ్వి ఊరుకునే లోపల ఆ 500 రూపాయలు వాళ్ల కంటపడాలి.

ఇక పదిహేడోది. మీ నాయనమ్మ పిలిస్తే తల తిప్పదని, మనిషి మొత్తం తిరిగి చూస్తుందని, చిన్నప్పుడు నువ్వు ఆమెలాగా నడిచి చుట్టాలందరినీ నవ్వించేదానివని రాశావు. రెండు వాక్యాలు. వాటి పక్కనే పద్దెనిమిదోది, నీకు పుదీనా పడదని! ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆమె మెడ ఎముకలు బిగుసుకున్నాయని నీకు తెలియక కాదు. తెలుసు కాబట్టే పుదీనాలోకి దూకావు. నాకది తప్పుగా కనబడలేదు. మనిషి అక్కడినుంచి పరిగెత్తే తీరే అది. కానీ రాసే మనిషివి ఇంకాసేపు అక్కడ నిలబడు.

నిలబడి ఏం చేయాలంటే, జాలి మాత్రం పడకు. మీ ఊళ్లకు కెమెరాలు చాలా వచ్చాయి. వంకర కాళ్లు ఫొటో తీసుకుని, ఊరు పేరు తప్పు రాసుకుని పోయినవాళ్లను చూశాను. వాళ్ల రాతల్లో ముసలమ్మలంతా ఒక్కటే ముసలమ్మ. మీ నాయనమ్మ వేరు కదా. ఆమె తిట్లు ఏమిటి, కల్లు తాగేదా, అత్తతో ఎట్లా వేగింది, తల తిప్పకుండానే వెనక ఉన్నది ఏ కోడలో కాళ్ల చప్పుడును బట్టి చెప్పేదా? నువ్వు ఆమెలాగా నడిచినప్పుడు ఆమె కూడా నవ్విందా, లేక లోపలికి పోయిందా? ఆ ఒక్కటి నీకు గుర్తుంటే తక్కినవన్నీ దాని వెంట వస్తాయి.

నీ చివరిది, ఎవరింటికి పోయినా “ఏం నీళ్లు?” అని అడిగి తాగే అలవాటు. బోరు నీళ్లా, ఫిల్టర్ నీళ్లా, కృష్ణా నీళ్లా. హైదరాబాదులో నీ స్నేహితులు దీనికి నవ్వుతారన్నావు. ఇంతసేపు నేను చెప్పిందంతా దాంట్లోనే ఉంది కాబట్టి దాని గురించి వేరే రాయను.

ఇట్లాంటివి తవ్వడం ఎట్లాగంటావా? అమ్మల్ని, అవ్వల్ని తేదీలు అడిగితే చెప్పలేరు, “ఆ యేడు ఇంకేమైంది” అని అడగాలి. నా సంగతే చూడు. సర్టిఫికెట్‌లో నా పుట్టినరోజు జూన్‌లో ఉంది. నాతో బడిలో చేరినవాళ్లలో చాలామందికి జూన్ నెలే, బడి తెరిచే నెల కాబట్టి సారు అట్లా వేసుకున్నాడు. మా అమ్మ లెక్క వేరు. “ఉగాది పోయింది, పీర్లు కూసున్నంక మూడోనాడు పుట్టినవ్” అనేది. పీర్ల పండుగ వచ్చేది మొహర్రం నెలలో, ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తూ పోతుంది. అందుకే ఉగాదీ పీర్లూ ఒకే అమావాస్య దాటి మొదలవడం ముప్పై ఏళ్లకు పైబడితే గానీ రాదు. వస్తే రెండు మూడేళ్లు వరసగా వస్తుంది. 1967, 68, 69లో వచ్చింది, మళ్లీ 2000, 2001లో. సరే, ఆ మూడింట్లో నాది ఏ యేడు? “నువ్వు సంకల ఉన్నవ్, ఇందిరమ్మ సాగర్‌కు నీళ్లిడువ వచ్చింది” అంది ఒకసారి, చింతపండు గింజలు తీస్తూ. నాగార్జునసాగర్ కాలువలకు ఆమె నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. తేలిపోయింది! ఏ ఆఫీసులోనూ దొరకని కాగితం పీర్ల పండుగ ఇచ్చింది నాకు. హాలియా వైపు హిందువుల ఇంట్లో పిల్లవాడి పుట్టుకను పీర్లతో గుర్తుపెట్టుకున్నారన్నది అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు. ఇప్పుడు రాస్తే కొందరికి వింతగా ఉంటుంది. అందుకే రాయాలి.

మా ఇంటామెది నారాయణపేట వైపు. తెలుగులో మాట్లాడుతుంది, కోపమొస్తే కన్నడంలో తిడుతుంది, డబ్బులు కూడా కన్నడంలోనే లెక్కపెడుతుంది. పైగా ఆమె పుట్టిల్లు ఉన్నచోటే ఉండి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2019లో నారాయణపేట జిల్లాలోకి పోయింది. ఆధార్ కార్డు మార్పించుకోవే అంటే “నేను కదల్లేదు, నేనెందుకు మార్చుకోవాలి” అంటుంది. ఇట్లాంటి మనిషి పక్కన ఉండగా కథలు దొరకడం లేదని నేను ఎవరితో అనగలను?

“ఇంత చిన్న చిన్న ముచ్చట్లు ఎవరికి కావాలి సార్” అని అడిగావు. మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి గారు గద్వాల వైపు నుంచి వచ్చి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే 354 మంది కవుల పద్యాలతో 1934లో సంచిక తీసి ముందు పెట్టారు. ఆ తర్వాత ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చూడు. రాజుల యుద్ధాలు పక్కనబెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, వేటికి భయపడ్డారు అని పాత కావ్యాల్లోంచి ఏరి ఏరి రాశారు. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి అవార్డు 1955లో దానికే. పద్యంలో ఎక్కడో పక్కవాటంగా పడిన వంటకం పేరు, ఆట పేరు ఆయనకు అక్కరకొచ్చాయి. అప్పటి కవి అవి చిన్నవని వదిలేసి ఉంటే ఆయన ఏం ఏరేవాడు?

భాష గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తా. నీ తాత “నేను కూడా పోటీ చేశాను” అనడు. “నేన్గూడ నిలవడ్డ” అంటాడు. అట్లాగే రాయి. కానీ నీ సొంత వాక్యాల్లో గిట్ల, గట్ల అని ఏరి ఏరి చల్లకు. హాస్టల్ నుంచి అమ్మకు ఫోన్ చేసినప్పుడు నువ్వు ఎట్లా మాట్లాడతావో అది చాలు.

దసరాకు ఊరికి పోతున్నావు కదా. బతుకమ్మ ఆడుకో, అంతకన్నా ముందు తాత ట్రంకుపెట్టె తీయించు. నామినేషన్ రసీదో, గుర్తు వేసిన కరపత్రమో ఉండొచ్చు. లేకపోయినా వెతికేటప్పుడు ఆయన మాట్లాడతాడు, అది రాసుకో. నీళ్ల పైపు తేదీ మీ పంచాయతీలో అడుగు. నాయనమ్మ గురించి రాసింది ఆమెకు చదివి వినిపించు. తీసేయమంటే తీసేయ్, నాకు కూడా పంపకు. తీసేయమనకపోతే, ఇరవై అంకెలూ తీసేసి ఒక్క ముచ్చటగా రాసి దీపావళి లోపు పంపు. పుదీనా కావాలంటే ఉంచుకో.

మీ తాతకు నమస్తే చెప్పు.

ఇట్లు,
నీ సారు