మైదానం కబుర్లు: సురబాయా పేటల పిల్లలు

ప్రశ్న: మాస్టారూ, 2024 నవంబరులో ఇండోనేషియా 2-0తో సౌదీ అరేబియాను ఓడించింది కదా, ఆ రెండు గోల్సూ కొట్టిన మార్సెలినో ఫెర్డినన్‌కు ఇరవై ఏళ్లే. పెర్సెబాయా అనే క్లబ్బులో తయారయ్యాడట. ఆ క్లబ్బు అకాడమీ అంత గొప్పదా? దాని కథ కాస్త చెప్పండి.
– ఇంటర్ విద్యార్థి, తెనాలి

జవాబు: అకాడమీ అనగానే నీకు పచ్చటి లాన్, హాస్టలు, లక్షల్లో ఫీజు గుర్తొచ్చి ఉంటాయి. పెర్సెబాయా విషయంలో అకాడమీ అనేది నిన్న మొన్న వచ్చింది. తూర్పు జావాలోని సురబాయా నగరంలో ఆ క్లబ్బు పుట్టి వందేళ్లు కావస్తోంది. పుట్టినప్పుడు అదసలు జట్టే కాదు, ఊళ్లోని చిన్న చిన్న క్లబ్బులన్నీ కలిసి పెట్టుకున్న సంఘం. నువ్వడిగిన ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

అది డచ్చివాళ్ల పాలనాకాలం. ఫుట్‌బాల్‌లో కూడా వాళ్ల సంఘం వాళ్లకు వేరుగా ఉండేది. స్థానికుల కోసం పైజో, పముజి అనే ఇద్దరు 1927 జూన్ 18న ఈ సంఘాన్ని మొదలుపెట్టారు. మూడేళ్లకు, 1930 ఏప్రిల్ 19న, యోగ్యకర్తలో ఏడు ఊళ్ల సంఘాలు కలిసి జాతీయ సమాఖ్య పీఎస్ఎస్ఐని స్థాపించాయి. ఆ ఏడింటిలో సురబాయా ఒకటి. పెర్సెబాయా అన్న పేరు చాలా తర్వాత వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సంఘంలోని క్లబ్బులు తమలో తాము లీగ్ ఆడుకుంటాయి. ఒకప్పుడు ఆ లీగులో బాగా ఆడినవాళ్లను ఏరి ఊరి జట్టును కట్టేవారు. అరబ్బు కుటుంబాలవాళ్లు పెట్టుకున్న అస్సయాబాబ్, చైనా మూలాలవాళ్ల సూర్యనాగ, ఇంకా ఇండోనేషియా ముడా వంటివి అందులో సభ్యులు. సూర్యనాగ పేరు చదువుతుంటే మన పక్క ఊరి క్లబ్బేమో అనిపించడం లేదూ! తంబక్‌సారి స్టేడియం పక్కనే కరంగయమ్ అనే మైదానం ఉంది. సురబాయా ఆటగాళ్లలో చాలామంది కాళ్లు ఆ మట్టిలోనే తిరిగాయి.

పీఈటీగా బడిపిల్లలను చూసిన నాకు ఒక సంగతి బాగా తెలుసు. రోజూ కోన్‌ల మధ్య బంతి తిప్పే పిల్లాడు వేరు. ఓడిపోతే రేపు పేటలో తలెత్తుకోలేం అనుకుంటూ మ్యాచ్ ఆడే పిల్లాడు వేరు. రెండోవాడికి టెన్షన్‌లో బంతి ఎవరికివ్వాలో తెలుస్తుంది. సురబాయా తన పిల్లలకు ఇచ్చింది ఆ మ్యాచ్‌లే. కోచింగ్ ఎంత మంచిదైనా దాని తర్వాతే అంటాను నేను.

అలాగని క్లబ్బుకు హారతి పట్టకు. 1988లో గిట్టని జట్టును ముందుకు రానివ్వకుండా చేయడానికి పెర్సిపురా అనే జట్టు చేతిలో కావాలనే 0-12తో ఓడింది. ఆ ఏడాది కప్పు కూడా ఎగరేసుకుపోయింది! ఇండోనేషియాలో ఇప్పటికీ దాన్ని తిట్టేవాళ్లున్నారు.

1997లోనూ 2004లోనూ జాతీయ లీగు గెలిచిన జట్లు రెండింటిలోనూ బెజో సుగియాంతొరో అనే డిఫెండర్ ఉన్నాడు. అతని కొడుకు రహ్మత్ ఇరియాంతొ కూడా ఇదే క్లబ్బులో ఎదిగి జాతీయ జట్టుకు ఆడాడు. బెజో 2025 ఫిబ్రవరిలో బంతి ఆడుతూనే కుప్పకూలి చనిపోయాడు. అంతకు ముందు, 2000 ఏప్రిల్‌లో, ఎరి ఇరియాంతొ అనే మిడ్‌ఫీల్డర్ మ్యాచ్ ఆడిన రోజే పోయాడు. క్లబ్బు అతని 19వ నంబరు చొక్కాను ఇంకెవరికీ ఇవ్వలేదు. కరంగయమ్‌లో అప్పట్లో ఆటగాళ్లుండిన బసకు అతని పేరే పెట్టారు.

అండిక్ వెర్మన్సా పేరు కూడా విని ఉంటావు. 2011లో జకార్తాకు లాస్ ఏంజెలిస్ గెలాక్సీ జట్టు వచ్చినప్పుడు బెక్‌హామ్ అతన్ని మొరటుగా పడగొట్టి, మ్యాచ్ అయ్యాక చొక్కా మార్చుకున్నాడు. ఆ బక్కపలచటి పొట్టివాడు పెర్సెబాయావాడే.

తర్వాత చెడ్డరోజులు వచ్చాయి. 2010 నుంచి యాజమాన్యం రెండుగా చీలింది. పీఎస్ఎస్ఐ గుర్తింపు కూడా పోయింది. బోనెక్‌లని పిలిచే అభిమానులు ఏళ్ల తరబడి వీధికెక్కి పోరాడాక 2017 జనవరిలో బాన్‌డుంగ్ సమావేశంలో సభ్యత్వం తిరిగొచ్చింది. అదే ఏడాది రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చేశారు. కోచ్ అజి సంతోసో హయాంలో రిజ్కీ రిధో, రహ్మత్ ఇరియాంతొ, కొకో అరి వంటి కుర్రాళ్లు పెద్ద జట్టులో ఆడారు. 2021లో మార్సెలినోను దింపేటప్పటికి వాడికి పదిహేడేళ్లు నిండీ నిండని వయసు. వాడి అన్న ఒక్తాఫియానస్ అప్పటికే ఆ క్లబ్బు ఆటగాడు. 2023లో తమ్ముడు బెల్జియం వెళ్లాడు, ఆ మరుసటేడు ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌కు. రిధో జకార్తా క్లబ్బుకు, రహ్మత్ బాన్‌డుంగ్ క్లబ్బుకు మారిపోయారు. పిల్లలను పెంచే క్లబ్బుకు ఈ బాధ తప్పదు. అందుకే 2004 తర్వాత వాళ్లకు దేశంలో అగ్ర లీగు కప్పు మళ్లీ అందలేదంటే నేను ఆశ్చర్యపోను.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు, ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. అప్పు చేసైనా యూరప్ క్యాంపుకు పంపమని కోచ్ అంటున్నారు. పంపమంటారా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: అప్పు మాత్రం చేయకండి. ఇండోనేషియా ఈ పని దేశం మొత్తానికి చేసి చూసింది. 1993లో కుర్రాళ్ల జట్టును ఇటలీలోని జెనోవాకు పంపి, సంప్డోరియా క్లబ్బు దగ్గర ఉంచి, అక్కడి యువ లీగు ప్రిమవెరాలో ఆడించింది. ఖర్చు మోసింది వ్యాపారవేత్త నిర్వాన్ బక్రి. ఆ బృందంలో కుర్నియవాన్ స్విట్జర్లాండ్‌లో లూసర్న్‌కు ఆడాడు. సురబాయా కుర్రాడు అనంగ్ మారుఫ్ తిరిగొచ్చి 1997లో పెర్సెబాయాతో కప్పు గెలిచాడు. వ్యక్తులుగా లాభపడ్డారు, నిజమే. కానీ ఆ జట్టు మీద పెట్టుకున్న ఒలింపిక్స్ ఆశ తీరలేదు. అది కూడా కొన్ని వారాల క్యాంపు కాదు, సీజన్ల తరబడి పోటీ మ్యాచ్‌లు.

మీ కోచ్‌ను ఒకటే అడగండి: ఆ క్యాంపులో మావాడు ఎన్ని నిజమైన మ్యాచ్‌లు ఆడతాడు? లెక్క చెప్పలేకపోతే ఆ డబ్బుతో వాడికి మంచి బూట్లు కొనండి, జిల్లా లీగు ఆడే క్లబ్బేదో చూసి చేర్పించండి.

ప్రశ్న: ఇండోనేషియా ఫుట్‌బాల్‌తో మన హైదరాబాద్‌కేమైనా సంబంధం ఉందా?
– గృహిణి, సికింద్రాబాద్

జవాబు: ఉందమ్మా. 1962 ఏషియన్ గేమ్స్ జరిగింది జకార్తాలోనే. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన మన జట్టు, సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిరీత్యా బడిపంతులు. స్టేడియంలో జనమంతా మనకు ఎదురే. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ఫార్వర్డ్‌గా ఆడించారు, ఒక గోలు అతనే కొట్టాడు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ 1963 జూన్‌లో కన్నుమూశారు.